ఇంగ్లీషు ‘దేర్’ నార్వేజియన్‌లో ఏమవుతుంది? తెలుగువాళ్ళకు ఒక దగ్గరి దారి

అనంతపురం జిల్లాలో యాడికి అనే ఊరుంది. బస్సులో కండక్టరు “యాడికి?” అంటే ప్రయాణికుడు “యాడికే” అంటాడనీ, ఇద్దరికీ అక్కడ మొదలైన గొడవ ఊరొచ్చేదాకా తెగదనీ సీమలో చెప్పుకుని నవ్వుకుంటారు. నార్వేజియన్ నేర్చుకునేవాళ్ళకు నేను ముందు ఈ జోకే చెబుతాను. అందులో అసలు సరుకు ‘యాడ’ కాదు, దాని చివరనున్న ‘కి’. “ఆడ ఉండా” అనేవాడు “ఆడికి పోతాండా” అంటాడు తప్ప పొరపాటున కూడా ఈ రెంటినీ కలపడు. ఇంగ్లీషువాడికి ఈ తేడా పోయింది. ఉండటానికైనా వెళ్ళడానికైనా ‘దేర్’ ఒక్కటే. ఒకప్పుడు వాళ్ళకూ ‘అక్కడికి’ అనడానికి ‘థిథర్’ అని విడి మాట ఉండేది, ఇప్పుడది పాత పుస్తకాల్లోనే కనిపిస్తుంది. నార్వేజియన్‌లో మాత్రం ఆ జంట ఇంకా బతికే ఉంది.

మనవాళ్ళు చేసే తప్పు ఏమిటంటే, తెలుగులో పుట్టిన ఆలోచనను ఇంగ్లీషులోకి మార్చి, ఆ ఇంగ్లీషును నార్వేజియన్‌లోకి మార్చడం. మధ్యలో ఆ ‘కి’ రాలిపోతుంది. నిఘంటువు తెరిస్తే ‘దేర్’ పక్కన మొదట కనిపించే మాటను అన్నిచోట్లా పెట్టేస్తారు. ఈ పద్ధతిలో ఇంగ్లీషును పక్కకు నెట్టి, తెలుగు నుంచి నేరుగా వెళ్తాం.

పలుకు సంగతి ముందు

మనకు కావలసిన మాటలు మూడే.

‘ద్యార్’ అంటే అక్కడ. రాసేటప్పుడు డి-ఇ-ఆర్. ఇందులో ‘యా’ను విడిగా పలకొద్దు, ‘బ్యాంకు’లో వచ్చే అచ్చు అది.

‘దీత్’ అంటే అక్కడికి. డి-ఐ-టి. దీర్ఘం తప్పనిసరి. చివర ఇంకో ‘టి’ చేరి పొట్టిగా ‘దిత్’ అయిందంటే అర్థం ‘నీది’ అయిపోతుంది. హ్రస్వదీర్ఘాలు చిన్నప్పటి నుంచీ దిద్దినవాళ్ళం కాబట్టి మనకిది కష్టమేమీ కాదు.

‘దే’కు తెలుగులో సరిసమానమైన మాట లేదు. రాతలో డి-ఇ-టి, చివరి ‘టి’ని పలకరు కానీ రాయాలి.

వీటిని ‘డ’, ‘ట’లతో కాక ‘ద’, ‘త’లతో రాయడానికి కారణముంది. నార్వేజియన్‌లో ఈ హల్లులను మన ద, తల్లాగే నాలుకను పళ్ళకు తాకించి పలుకుతారు. మరి ట, డ, ణ, ష లేవా అంటే ఉన్నాయి. ఓస్లో వైపు మాటల్లో ‘ఆర్’ తర్వాత టి, డి, ఎన్, ఎస్ వస్తే రెండూ కలిసి మూర్ధన్యాలవుతాయి. పిల్లవాడిని బి-ఎ-ఆర్-ఎన్ అని రాసి ‘బాణ్’ అంటారు. ‘అల్లంత దూరంలో’ అనే మాటను బి-ఓ-ఆర్-టి-ఇ అని రాసి ‘బుట్టె’ అంటారు. ‘ద్యార్ బుట్టె’ అంటే అదుగో, అల్లక్కడ. చాలామంది విదేశీయులు ఈ ‘ణ’, ‘ట’ల దగ్గర నెలల తరబడి కుస్తీ పడతారు. మనకు అక్షరమాలలోనే ఉన్నాయి.

మొదటి మెట్టు: వాక్యాన్ని తెలుగులో చెప్పుకోండి

ఇంగ్లీషులో ‘దేర్’ కనిపించగానే ఆ మాటకు అర్థం వెతకొద్దు. వాక్యం మొత్తాన్ని ఇంట్లో అమ్మతో చెప్పినట్టు తెలుగులో అనుకోండి. పుస్తకాల తెలుగు వద్దు. ఇప్పుడు చూడండి, ‘దేర్’ ఉన్న చోట తెలుగులో ఏం మిగిలింది? ‘అక్కడ’ వస్తే ద్యార్. ‘అక్కడికి’ వస్తే దీత్. ‘అదిగో’ వస్తే మళ్ళీ ద్యార్, కానీ వాక్యం మొదట్లో. ఏ మాటా మిగలకపోతే ‘దే’.

పదింట ఎనిమిదిసార్లు పని ఇంతటితో అయిపోతుంది. ఆ మిగిలిన రెండు సార్ల కోసమే ఈ వ్యాసం ఇంత పొడుగైంది.

రెండో మెట్టు: తెలుగులో మాయమైపోయే ‘దేర్’

“తోటలో ఒక పిల్లి ఉంది.” ఇంగ్లీషువాడు దీన్ని ‘దేర్ ఈజ్’ అని మొదలుపెడతాడు. ఆ ‘దేర్’ ఏ చోటునూ చూపించదు, వాక్యం మొదట్లో ఖాళీ కుర్చీలో కూర్చున్న మనిషిలాంటిది. తెలుగుకు ఆ కుర్చీయే అక్కర్లేదు. నార్వేజియన్‌కు కుర్చీ కావాలి, కానీ అందులో కూర్చునేది ‘దే’.

“దే యార్ ఎన్ కత్ ఈ హాగెన్.” తోటలో ఒక పిల్లి ఉంది. ఇక్కడ ‘యార్’ అంటే ‘ఉంది’, రాత ఇ-ఆర్, పలుకు ‘యాపిల్’లో మొదటి అచ్చులా.

“దే యార్ తూ కత్తెర్ ఈ హాగెన్.” రెండు పిల్లులున్నాయి. ఒకటైనా వందైనా ‘దే యార్’ మారదు. (పిల్లులు ‘కత్తెర్’ అయినందుకు మొదటి వారమంతా నవ్వొస్తుంది. బల్లకు ‘బూరె’ అంటారని తెలిశాక అదీ ఆగుతుంది.)

ఇక్కడ “ద్యార్ యార్” అని మొదలుపెట్టడమే ఎక్కువమంది చేసే తప్పు. ఇంగ్లీషు దేర్, నార్వేజియన్ ద్యార్ చెవికి అన్నదమ్ముల్లా వినిపిస్తాయి కాబట్టి చెయ్యి దానికేసే పోతుంది. ఈ తప్పుకు ఇంకో మూలం కూడా ఉంది. డేనిష్ భాషలో ‘ఉంది’ అనడానికి నిజంగానే ‘ద్యార్’ లాంటి మాటే వాడతారు. 1814 దాకా నార్వే డెన్మార్కు రాజు కిందే ఉండేది. ఆ తర్వాత కూడా చాలాకాలం నార్వేలో రాసింది డేనిష్ ఒరవడిలోనే. అందుకే పాత పుస్తకాల్లో ఆ వాడుక తగులుతుంది, పడమటి వైపు కొన్ని యాసల్లో ఇప్పటికీ వినిపిస్తుంది. మీరు నేర్చుకునేది బూక్‌మోల్ (నార్వేజియన్‌కున్న రెండు రాత పద్ధతుల్లో ఎక్కువమంది వాడేది) అయితే ‘దే’ దగ్గరే ఉండండి.

‘దే’ ఎప్పుడు పెట్టాలో, ఎప్పుడు పెట్టకూడదో తేల్చే చిట్కా తెలుగు మాటల వరుసలోనే ఉంది. ఈ రెండూ చదవండి:

“తోటలో పిల్లి ఉంది.”
“పిల్లి తోటలో ఉంది.”

మొదటిదాంట్లో ఏదో ఒక పిల్లి, మీకు కొత్త. రెండోది మనకు తెలిసిన పిల్లి, ఎక్కడుందో చెబుతున్నాం. చోటు ముందొచ్చి వస్తువు తర్వాత వస్తే నార్వేజియన్‌లో ‘దే’తో మొదలుపెట్టాలి. వస్తువే ముందొస్తే ‘దే’ వద్దు, “కత్తెన్ యార్ ఈ హాగెన్” అనాలి. చివర ‘ఎన్’ చేరి ‘ఆ పిల్లి’ అయింది చూశారా, అలా తెలిసిన వస్తువు ‘దే యార్’ తర్వాత రాదు. ఇంగ్లీషు వ్యాకరణ పుస్తకం దీన్ని రెండు పేజీల్లో వివరిస్తుంది. మనం రోజూ ఆలోచించకుండా చేసేస్తున్నాం.

ఇంకొంచెం ముందుకెళ్దాం. నార్వేజియన్ చెవికి అన్నిటికీ ‘దే యార్’ అంటే చప్పగా ఉంటుంది. పుస్తకం బల్ల మీద ‘పడుకుంటుంది’, సీసా ‘నిలబడుతుంది’, పటం గోడకు ‘వేలాడుతుంది’. “దే లిగ్గెర్ ఎన్ బూక్ పో బూరె” అంటే బల్ల మీద పుస్తకం ఉంది. “దే స్తోర్ ఎన్ ఫ్లస్కె పో బూరె” అంటే సీసా ఉంది. “దే హెంగెర్ ఎత్ బిల్దె పో వెగ్గెన్” అంటే గోడకు పటం ఉంది. భోజనాల బల్ల మీద సర్దిన పళ్ళేలు కూడా నిలబడతాయి, పడుకోవు. ఎందుకని అడిగితే నార్వే వాళ్ళూ భుజాలెగరేస్తారు. మీరు తడుముకుంటే ‘దే యార్’ అనండి, ఎవరూ తప్పు పట్టరు.

వాన, చలి, ఎండ కూడా ‘దే’ ఖాతాలోవే. “దే రైనెర్” అంటే వాన పడుతోంది. వానలకు పేరుపడ్డ బెర్గెన్ నగరంలో ఉండేవాళ్ళకు మరీ పనికొచ్చే వాక్యం. నార్వే జానపద కథలు “దే వార్ ఎన్ గంగ్” అని మొదలవుతాయి, మన ‘అనగనగా’కు సరిగ్గా అదే చోటు.

మూడో మెట్టు: ‘కి’ని పట్టుకోండి

“యై బూర్ ద్యార్.” నేను అక్కడ ఉంటాను.
“యై స్కల్ దీత్.” నేను అక్కడికి వెళ్తాను.

రెండో వాక్యంలో ‘వెళ్ళడం’ అనే క్రియ లేదు, గమనించారా? ‘స్కల్’ అంటే ‘చేయబోతున్నాను’ అని మాత్రమే. ‘దీత్’లోనే కదలిక ఉంది కాబట్టి వెళ్ళడాన్ని మళ్ళీ చెప్పక్కర్లేదు. “ఎక్కడికి బాబాయ్?” “ఊరికిరా.” మనమూ క్రియ లేకుండానే గడిపేస్తాం కదా.

క్రియ పెట్టాలనుకుంటే ఒక జాగ్రత్త. ఇంగ్లీషు ‘గో’ లాగా ఉందని ‘గో’ అనే నార్వేజియన్ క్రియను వాడేస్తారు. దానికి నడిచి వెళ్ళడమని అర్థం. “యై గోర్ దీత్” అంటే అక్కడికి నడిచే వెళ్తున్నారని. ఓస్లోలో కూర్చుని ఎక్కడో ఉత్తరాన ఉన్న ట్రోమ్సో గురించి అలా అంటే ఎదుటివాళ్ళు మీ కాళ్ళ వంక చూస్తారు. బండిలోనో రైల్లోనో వెళ్తుంటే “యై ద్రార్ దీత్” అనండి.

ఈ ‘కి’ పరీక్ష వింత వింత చోట్ల కూడా నిలబడుతుంది. “వీ కొమ్ దీత్ క్లొక్కా తీ”: పదింటికి అక్కడికి చేరాం. “వైయెన్ దీత్”: అక్కడికి దారి. ఇక “పుస్తకం అక్కడ పెట్టు” చూడండి. వస్తువు కదులుతోంది కాబట్టి దీత్ రావాలని తర్కం చెబుతుంది. కానీ తెలుగులో ‘అక్కడికి పెట్టు’ అంటామా? అనం. నార్వే వాళ్ళూ అనరు. “లెగ్ బూకా ద్యార్.” అలాగే “సెత్ దై ద్యార్” అంటే అక్కడ కూర్చో. కూర్చోవడం, పెట్టడం రెండు భాషల్లోనూ ‘అక్కడే’ జరుగుతాయి. ఈ వరస కలిసినప్పుడు నాకు మహా సంతోషమనిపించింది.

ఇప్పుడు రెండు ‘దేర్’లు ఒకే వాక్యంలో ఉంటే? బెర్గెన్ రైలు దారిలో ఫిన్సె అనే స్టేషనుంది. సముద్రమట్టానికి 1222 మీటర్ల ఎత్తున, మంచు గుట్టల మధ్య ఉంటుంది. రైలు వెళ్తుంది, కారు వెళ్ళలేదు. “అక్కడికి కారు దారి లేదు” అన్నదాన్ని ఇంగ్లీషులో చెబితే మొదట ఒక దేర్, చివర ఇంకో దేర్ వస్తాయి. నార్వేజియన్‌లో “దే గోర్ ఇంగెన్ బీల్‌వై దీత్.” మొదటిది కుర్చీ, రెండోది ‘అక్కడికి’. దాని పక్కన “దే యార్ ఇంగెన్ ద్యార్” పెట్టి చూడండి: అక్కడ ఎవరూ లేరు. తలుపు కొట్టి “యార్ దే నూయెన్ ద్యార్?” అంటే, లోపల ఎవరైనా ఉన్నారా అని.

నాలుగో మెట్టు: తెలుగు కూడా ముంచే చోట్లు

దగ్గరి దారిలో గోతులుండవని నేననలేదు.

మొదటి గొయ్యి, అన్నిటికన్నా లోతైనది: “ఎప్పుడైనా అక్కడికి వెళ్ళావా?” మనం ‘అక్కడికి’ అంటాం, చెయ్యి దీత్ వైపు పోతుంది. నార్వే వాళ్ళు అడిగేది ‘అక్కడ ఉన్నావా’ అని. “హార్ దూ వ్యాట్ ద్యార్?” వెళ్ళొచ్చిన అనుభవాన్ని అడుగుతుంటే ద్యార్, ఇంకా వెళ్ళే పనిలో ఉంటే దీత్.

రెండోది ఊరి పేర్ల దగ్గర. మాటల్లో మనం ‘కి’ని మింగేస్తాం. “హైదరాబాద్ వెళ్తున్నా” అంటాం తప్ప “హైదరాబాద్‌కి” అని నొక్కి పలకం. ఆ అలవాటుతో నార్వేజియన్‌లో ఊరి పేరును ఒంటరిగా వదిలెయ్యొద్దు, ముందు ‘తిల్’ ఉండాలి: “యై స్కల్ తిల్ బెర్గెన్.”

మూడోది ప్రశ్న దగ్గర. ఎక్కడ, ఎక్కడికి అని మనకున్న తేడా బూక్‌మోల్ ప్రశ్నలో పనిచెయ్యదు. రెంటికీ ‘వూర్’ ఒక్కటే, రాత హెచ్-వి-ఓ-ఆర్, హెచ్ పలకరు. “వూర్ యార్ దూ?” ఎక్కడున్నావు. “వూర్ స్కల్ దూ?” ఎక్కడికి. ప్రశ్న ఒకలాగే ఉన్నా జవాబులో మాత్రం ద్యార్, దీత్ విడిపోతాయి. యాడికి కండక్టరు ఇక్కడైతే హాయిగా ఉండేవాడు.

“అటు చూడు” అన్నప్పుడు కూడా దీత్ కాదు, “సే ద్యార్!”

ఇక మాటల్లో కొందరు నార్వే వాళ్ళే ఈ నియమాన్ని సడలిస్తారు. “ఇటు రా” అనడానికి ‘కొమ్ హీత్’ (ఇక్కడికి రా) ఉండగా ‘కొమ్ హ్యార్’ (ఇక్కడ రా) అనడం మామూలే. వాళ్ళు అన్నారని మీరు పరీక్షలో రాయొద్దు.

అయిదో మెట్టు: ఎక్కడ నిలబెట్టాలి

మాట సరైనదే పెట్టి, చోటు తప్పి అర్థం మార్చేసిన సందర్భాలు నాకు చాలా ఉన్నాయి. నార్వేజియన్ వాక్యంలో క్రియ రెండో స్థానం వదలదు. ముందు ద్యార్ పెడితే వెంటనే క్రియ, తర్వాతే కర్త.

“ద్యార్ బూర్ యై.” అక్కడే ఉంటాను.
“ద్యార్ యై బూర్.” నేను ఉండే చోట.

మాటలు అవే మూడు. రెండోదాంట్లో క్రియ వెనక్కు జరిగేసరికి వాక్యం కాస్తా వాక్యంలో ముక్క అయిపోయింది, వినేవాళ్ళు “ఉండే చోట... ఏమైంది?” అని ఎదురుచూస్తారు. ఈ ముక్క పనికొచ్చేదే. “బ్యూయెన్ ద్యార్ యై బూర్” అంటే నేనుండే ఊరు. తెలుగులో ‘ఉండే’ అన్న ఒక్క మాట చేసే పనిని అక్కడ ద్యార్ చేస్తుంది.

‘అదిగో’ సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. బస్టాపులో నిలబడి ఉన్నారు.

“దే కొమ్మెర్ ఎన్ బుస్.” ఏదో బస్సు వస్తోంది.
“ద్యార్ కొమ్మెర్ బుస్సెన్!” అదిగో, మన బస్సు వచ్చేస్తోంది!

నేనొకసారి మొదటిది అన్నాను, రెండోది అనాల్సిన చోట. పక్కనున్న ఆవిడ ఏదో బస్సులే అనుకుని ఫోనులోంచి తలెత్తలేదు. మా బస్సు మా ముందునుంచే వెళ్ళిపోయింది, తర్వాతది ఇరవై నిమిషాలకు.

ఇదే తాళంతో ఇంకొన్ని తలుపులు

ద్యార్, దీత్ వంటబట్టాక ఈ జంటలు ఊరికే వచ్చేస్తాయి. పొట్టి రూపం కదలిక, చివర ‘ఎ’ చేరిన రూపం ఉనికి. ‘యెమ్’ ఇంటికి, ‘యెమ్మె’ ఇంట్లో. ‘ఇన్’ లోపలికి, ‘ఇన్నె’ లోపల. ‘ఊత్’ బయటికి, ‘ఊతె’ బయట. ‘ఒప్’ పైకి, ‘ఒప్పె’ పైన. ‘నేద్’ కిందికి, ‘నేదె’ కింద. తెలుగులో ప్రతి జంటలోనూ ఆ ‘కి’ ఎలా కూర్చుందో చూడండి.

‘ఫ్రమ్’ ముందుకు, ‘ఫ్రమ్మె’ గమ్యం చేరి ఉండటం. నార్వే అన్వేషకుడు నాన్సెన్ 1893లో ఉత్తర ధ్రువం వైపు తీసుకెళ్ళిన ఓడ పేరు ఫ్రమ్. 1911 డిసెంబరు 14న దక్షిణ ధ్రువం చేరిన అమండ్‌సెన్ అంటార్కిటికాకు వెళ్ళిందీ ఆ ఓడలోనే. ఇప్పుడది ఓస్లోలోని మ్యూజియంలో ఉంది. పిల్లలు కారు వెనక సీట్లోంచి అయిదు నిమిషాలకోసారి అడిగేది మాత్రం “యార్ వీ ఫ్రమ్మె?” అని, వచ్చేశామా అని.

ఇవి మన మూడు మాటలతోనూ జతకడతాయి. ‘ద్యార్ ఒప్పె’ ఆ పైన, ‘ఒప్ దీత్’ ఆ పైకి, ‘ద్యార్ ఇన్నె’ ఆ లోపల. ‘అక్కడి నుంచి’ కావాలంటే ‘ద్యార్‌ఫ్రా’, కలిపి ఒకే మాటగా రాయాలి. ‘ఇక్కడ’కు ‘హ్యార్’, ‘ఇక్కడికి’కి ‘హీత్’.

కొన్ని ‘దేర్’లకు చోటుతో సంబంధమే లేదు, వాటిని ఈ లెక్కలోకి తేవద్దు. ఏడ్చే పిల్లను ఊరుకోబెడుతూ అనే ‘దేర్, దేర్’కు “సో, సో”. ఏదైనా చేతికిస్తూ అనేదానికి “వ్యాషోగూ”.

ఒక పేరా మొత్తం చేసి చూద్దాం

లొఫొటెన్ దీవుల కొసన ఒక చిన్న ఊరుంది, దాని పేరు ఒకే ఒక్క అక్షరం, పలుకు ‘ఓ’. చలికాలం చివర పట్టిన కాడ్ చేపలను కొయ్య పందిళ్ళకు వేలాడదీసి గాలికి ఎండబెట్టే ప్రాంతమది. దాని మీద నాలుగు వాక్యాలు:

లొఫొటెన్‌లో ‘ఓ’ అనే చిన్న ఊరుంది. మార్చిలో అక్కడికి వెళ్ళాను. అక్కడ బోలెడు చేపలు వేలాడుతుండేవి. అక్కడి నుంచి ఇంటికి వచ్చేశాను.

ఇంగ్లీషులో ఇవి రాస్తే ‘దేర్’ అయిదుసార్లు వస్తుంది, చేపల వాక్యంలోనే రెండు. తెలుగు వాక్యాలను పట్టుకుని వెళ్దాం. మొదటిదాంట్లో చోటు ముందు, ఊరు తర్వాత, ఊరు మనకు కొత్తది, కాబట్టి ‘దే’:

“దే యార్ ఎన్ లీతెన్ బ్యుగ్ద్ ఈ లూఫూతెన్ సొమ్ హేతెర్ ఓ.”

రెండోదాంట్లో ‘కి’ ఉంది:

“యై రైస్తె దీత్ ఈ మష్.”

మూడోదాంట్లో చేపలు కొత్తవి, చోటు పాతది. కుర్చీకి ‘దే’, ‘అక్కడ’కు చివర ద్యార్, మధ్యలో ‘ఉండటం’ బదులు వేలాడటం:

“దే హంగ్ మ్యూయె ఫిస్క్ ద్యార్.”

నాలుగోదాంట్లో ద్యార్‌ఫ్రా ముందుకొచ్చింది, కాబట్టి క్రియ దాని వెంటే. ‘ఇంటికి’ అంటున్నాం కాబట్టి యెమ్మె కాదు, యెమ్:

“ద్యార్‌ఫ్రా రైస్తె యై యెమ్.”